చివర చదివిన పాఠశాల పేరు

సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శి అడిగినప్పుడు కథో, కవితో వ్రాద్దామని రెండు రాత్రులు కూర్చుని కాగితాలు నలిపి పారేశాను. నాకు కథలు రావు. కవిత్వం అంతకన్నా రాదు. నాకు బాగా తెలిసిన సంగతి ఒక్కటే వుంది. అది, బడికి పోకుండా ఇంటి దగ్గర చదువుకున్నవాడు డిగ్రీలో చేరాలంటే పడవలసిన అవస్థ. దాన్ని గురించి నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. వాటిని చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు గనుక మిత్రులు విసుక్కోకుండా చదువుతారని ఆశ.

డిగ్రీ దరఖాస్తులో ఒక గడి వుంటుంది, ‘చివర చదివిన పాఠశాల లేక కళాశాల పేరు’ అని. మీరంతా దాన్ని అర నిమిషంలో నింపి వుంటారు. నేను నెట్ సెంటర్‌లో ఆ గడి ముందు ముప్పావుగంట కూర్చున్నాను. ఖాళీగా వదిలితే కంప్యూటరు ముందుకు పోనివ్వదు. ఉన్నది వ్రాద్దామంటే, నేను చివర చదివిన పాఠశాల చీనీతోటలో బోరు పక్కనున్న రేకుల కొట్టం. దానికి కోడ్ నంబరు లేదు. వెనక నలుగురు నిలబడి వున్నారు. నెట్ సెంటర్ అబ్బాయి, “పరీక్ష వ్రాసిన సెంటరు పేరు వేసెయ్ అన్నా, ఎవరు చూస్తారు?” అన్నాడు. వేసేశాను. అది అబద్ధం కాదు గాని నిజమూ కాదు. ఆ పేరే తర్వాత నా మెడకు చుట్టుకుంది.

మాది అనంతపురం జిల్లా. సొంత పొలంలో బోరు ఎండిపోయినాక నాయన ఊరికి దూరంగా ఒక చీనీతోటను గుత్తకు తీసుకున్నాడు. కరెంటు ఏ వేళ వస్తే ఆ వేళ మోటారు వేయాలి, కాయ మీదున్నప్పుడు కాపలా వుండాలి. అందుకని కాపురమే తోటలోకి మారింది. బడి ఆరు కిలోమీటర్లు, మధ్యలో వంక, బస్సు లేదు. నేను అప్పటికి రెండో తరగతి సగంలో వున్నాను. అక్క అయిదు పూర్తి చేసింది. ఈ ఏడు గడిచిపోతే చూద్దాంలే అనుకున్నారు. తర్వాత ఆ తోట పోయి ఇంకొక తోట, అది పోయి మూడోది. ఇట్లా బడి అనేది వచ్చే ఏడుకి వాయిదా పడుతూ పోయింది. మా ఇంట్లో ఎవరూ ‘బడి వద్దు’ అని తీర్మానం చేయలేదు. పట్టణాల్లో కొందరు తల్లిదండ్రులు బడి చదువు మీద నమ్మకం పోయి పిల్లలను ఇంట్లో చదివిస్తున్నారని తర్వాత పేపర్లో చదివాను. వాళ్ళది సిద్ధాంతం. మాది వంక.

అయితే మాకు ఒక అదృష్టం వుంది. అమ్మ పదో తరగతి చదివింది. అమ్మ వాళ్ళ నాయన, అంటే తాత, ప్రాథమిక పాఠశాలలో పంతులుగా పనిచేసి రిటైరైనవాడు. అవ్వ పోయినాక మా దగ్గరికే వచ్చేశాడు. ఇద్దరు పిల్లలు చదువు లేకుండా చెట్ల కింద తిరగడం ఆయనకు అవమానంగా తోచింది. తెల్లవారి మోటారు వేసి, నీళ్ళు పారుతున్నంత సేపూ పాఠం. పెద్దబాలశిక్ష, ఊళ్ళో పిల్లలు వాడి పారేసిన ప్రభుత్వ వాచకాలు, ఆయన పెట్టెలోని పాత నిఘంటువు ఒకటి. ఇదే గ్రంథాలయం.

తాత లెక్కలు చెప్పే పద్ధతి ఒకటి చెప్పి తీరాలి. చీనీకాయలు మార్కెట్టుకు తోలితే టన్నుకు ఇంత అని ‘సూటు’ తీస్తారని రైతుల పిల్లలకు తెలుసు. టన్నుకు వంద కిలోలు సూటు పోయిందనుకోండి. రైతుకు నూటికి ఎంత నష్టం? పది అని నేను ఠక్కున అన్నాను. తాత నవ్వి, “ఇచ్చింది పదకొండొందలు, డబ్బు వచ్చింది వెయ్యికి. నూరును దేంతో భాగించాల?” అన్నాడు. తొమ్మిదిన్నీ కొంచెం. శాతం అనేది దేని మీద లెక్కిస్తున్నామన్నదాన్ని బట్టి వుంటుందని నాకు ఆ రోజే తెలిసింది. డిగ్రీ మొదటి సంవత్సరంలో ద్రావణాల గాఢత లెక్కలు చేస్తూ, భిన్నం కింద ఏం వ్రాయాలో నా పక్కవాడు తడబడుతుంటే నాకు తాత గుర్తుకొచ్చాడు.

రసాయన శాస్త్రం కూడా తోటలోనే మొదలైంది. చీనీచెట్టుకు బంక తెగులు వస్తే బోర్డో పేస్టు పూస్తారు, ఆకుమచ్చలకు బోర్డో మిశ్రమం కొడతారు. ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు. రెండూ వేరువేరు ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కరిగించి కలపాలి. ఇనప పాత్ర పనికిరాదు. కలిపినాక తాత ఇనప చాకును అందులో ముంచి తీసేవాడు. చాకు మీద ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం పోయాలి. పట్టకపోతే మందు సరిగా కుదిరినట్టు. ఇనుము రాగిని దాని లవణంలోంచి తోసేసి తాను అందులో చేరుతుందనే సూత్రాన్ని నేను మొదట చూసింది పుస్తకంలో కాదు, చాకు మీద. సున్నం చాలనప్పుడు ఆకులు ఎందుకు మాడతాయో కూడా నాకు అప్పటికే తెలుసు.

ఇదంతా గొప్ప చెప్పుకోవడానికి కాదు. చదువు అనేది ఎక్కడైనా జరగవచ్చునని మీకు నచ్చజెప్పడానికి. జరిగిందా లేదా అని పరీక్షించి చూసుకోవలసిన బాధ్యత విశ్వవిద్యాలయానిది. మన దగ్గర వచ్చిన చిక్కు ఏమిటంటే, చదువు జరిగిందా అని ఎవరూ అడగరు. ఎక్కడ జరిగింది అని మాత్రం పదిసార్లు అడుగుతారు.

పదహారో ఏట ఎన్.ఐ.ఓ.ఎస్. ద్వారా, అంటే కేంద్ర ప్రభుత్వపు ఓపెన్ స్కూలు ద్వారా, పదో తరగతి కట్టాను. దీని సంగతి చాలామందికి తెలియదు గనుక రెండు ముక్కలు చెబుతాను. 1979లో సి.బి.ఎస్.ఇ. కింద చిన్న ప్రయోగంగా మొదలై, 1989లో విడి సంస్థ అయింది. పదికి కనీసం పద్నాలుగేళ్ళు నిండి వుండాలి. ఎనిమిదో తరగతి పాసైన కాగితం లేకపోతే, ‘ఈ కోర్సు చదవగలిగినంత నేను చదువుకున్నాను’ అని అభ్యర్థే వ్రాసి సంతకం చేస్తే చాలు. ఒకసారి చేరితే అయిదేళ్ళు గడువు, తొమ్మిది అవకాశాలు. మన రాష్ట్రంలో 1991 నుంచి రాష్ట్ర ప్రభుత్వపు ఓపెన్ స్కూలు కూడా వుంది, విభజన తర్వాత తెలంగాణకు వాళ్ళది వాళ్ళకు వుంది. కాబట్టి దారే లేదని నేను అనను. దారి వుంది. ఆ దారిన నడిచి వచ్చినవాణ్ణి గుమ్మం దగ్గర ఆపుతున్నారన్నదే నా ఫిర్యాదు.

పది, రెండేళ్ళ తర్వాత పన్నెండు పాసయ్యాను. భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు తీసుకున్నాను. మార్కులు పరవాలేదు. సర్టిఫికెట్ల పరిశీలనకు ఒక కేంద్రానికి రమ్మన్నారు. దాని పేరు ఇక్కడ అనవసరం, అక్కడి ఉద్యోగి చెడ్డవాడు కూడా కాదు. పొద్దున్నుంచి మూడువందల మంది కాగితాలు చూసి అలసిపోయిన మనిషి.

“టి.సి. ఏదప్పా?” అన్నాడు.

ఓపెన్ స్కూలు వాళ్ళు ఇచ్చిన మైగ్రేషన్-కం-ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ ఇచ్చాను. టి.సి. అనే సంగతి దాని నెత్తి మీదే అచ్చువేసి వుంది. ఆయన అటూ ఇటూ తిప్పి, “ఇది మైగ్రేషను. టి.సి. కావల్ల. మళ్ళా ఆరు నుంచీ స్టడీలు కావల్ల. ఇదో, ఈ స్కూల్లో చదివినట్టు నువ్వే పెట్టినావే? ఆ స్కూలు స్టడీ ఏదీ?” అన్నాడు.

“అక్కడ పరీక్ష మాత్రం వ్రాసినాను సార్. చదివింది ఇంటికాడ.”

“ఇంటికాడ చదివితే టి.సి. ఎవరిస్తారు?”

“ఎవరూ ఇయ్యరు సార్.”

“అయితే మరి?” అన్నాడు ఆయన. నిజంగానే సమాధానం కోసం నా వైపు చూశాడు. నా దగ్గర లేదు. వెనకనుంచి ఎవరో, “పక్కకు జరగన్నా” అన్నారు.

ఆ ‘అయితే మరి’ దగ్గర నేను పన్నెండు రోజులు నిలబడ్డాను. అందులో మూడుసార్లు రానూపోనూ బస్సు చార్జీలు, నాయనకు రెండు రోజుల పని నష్టం. స్టడీ సర్టిఫికెట్లు లేకపోతే నివాస ధ్రువపత్రం తెమ్మన్నారు. దానికి పోతే, బడికి పోనివాడివి ఇక్కడే వున్నట్టు రుజువేమిటన్నారు. మా రేషను కార్డు ఒక ఊరిది, తోట ఇంకొక ఊరిది. పుట్టినప్పటినుంచి జిల్లా దాటనివాణ్ణి. చీనీచెట్లు సాక్ష్యం చెబుతాయా?

ఇక్కడ ఒక విషయం మీకందరికీ ఉపయోగపడుతుంది గనుక వివరంగా వ్రాస్తాను. స్థానికత కోసం నాలుగేళ్ళ స్టడీ సర్టిఫికెట్లు అడిగేది 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును బట్టి. రాజ్యాంగంలో 371-డి అధికరణం కింద వచ్చింది అది. మా జిల్లా అందులో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం కిందికి వస్తుంది. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగు విద్యాసంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవాడు స్థానికుడు అని అందులో వుంది. అందరూ ఇంతవరకే చదువుతారు. దాని కిందే ఇంకొక మాట వుంది. ఆ నాలుగేళ్ళలో ఏ విద్యాసంస్థలోనూ చదవనివాడైతే, నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో నివసించి వుంటే చాలు. అంటే యాభై ఏళ్ళ కిందటే ఆ ఉత్తర్వు వ్రాసినవాళ్ళకు నాబోటివాడు ఒకడు ఎప్పుడో ఒకప్పుడు వస్తాడని తెలుసు. వాడికోసం ఒక వాక్యం వ్రాసి పెట్టారు. ఇప్పటి కంప్యూటరు గడి తయారు చేసినవాళ్ళకే తెలియలేదు.

ఆ వాక్యాన్ని వెతికి చూపించింది నేను కాదు. ఒక అధ్యాపకుడు, నాకు అప్పటికి ఏమీ కానివాడు, ఊరికే వరండాలో నన్ను రెండోసారి చూసి ‘ఏం నాయనా ఇంకా ఇక్కడే వున్నావు’ అని పలకరించి, విషయం విని, నిబంధనల ప్రతి తెప్పించి, ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి ఇచ్చారు. ఆ కాగితం పట్టుకొని తహసీలుదారు కార్యాలయానికి పోతే నివాస పత్రం వచ్చింది. చివరి తేదీనాడు సీటు వచ్చింది. ఆయన ఆ రోజు సెలవు పెట్టి వుంటే? నేను ఈపాటికి తోటలో డ్రిప్పు పైపులు సవరిస్తూ వుండేవాణ్ణి. ఆ పని నాకు చేతకానిదేమీ కాదు, తక్కువదీ కాదు. అయితే ఒక మనిషి సెలవు మీద ఇంకొకడి చదువు ఆధారపడటం మాత్రం సరికాదు.

అసలు టి.సి. ఎందుకు పుట్టింది? ఒకే పిల్లవాడి పేరు రెండు బళ్ళ రిజిస్టర్లలో వుండకూడదని, పాత బడికి బాకీలు లేవని తెలియాలని. ఏ బడి రిజిస్టరులోనూ లేనివాడికి ఏ బాకీ వుంటుంది? విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. టి.సి. రావడం ఆలస్యమైందని పిల్లవాణ్ణి చేర్చుకోకుండా వుండరాదని అందులో స్పష్టంగా వుంది. అసలు బడి మొహమే చూడని పిల్లవాణ్ణి కూడా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని వుంది. పద్నాలుగేళ్ళ లోపువాడికి చట్టం ఇంత ఉదారంగా తలుపు తెరిచింది. పద్దెనిమిదేళ్ళు నిండి, పరీక్ష పాసై వచ్చినవాడి దగ్గరికి వచ్చేసరికి ఆ ఉదారత ఏమైంది?

ఇంకొకటి అడుగుతాను, సీనియర్లు కోపం తెచ్చుకోవద్దు. 2020లోను, 2021లోను కరోనా వల్ల మన రాష్ట్రంలో పదో తరగతి పరీక్షలు రద్దయి అందరూ పాసైనారు. 2021లో ఇంటర్ పరీక్షలూ రద్దయినాయి. ఆ రోజుల్లో దేశంలోని పిల్లలందరూ ఇంటి దగ్గర చదివినవాళ్ళే. కొందరు ఫోన్లో చదివారు, ఫోను లేనివాళ్ళు అదీ లేదు. అది వాళ్ళ తప్పు కాదు, ప్రభుత్వం అట్లా చేయడమే న్యాయం. నేను అనేది ఇంతే. వ్రాయని పరీక్షకు ఇచ్చిన మెమోను ఏ కౌంటరులోనూ ఎవరూ అనుమానించలేదు. వ్రాసి పాసైన పరీక్ష మెమోను మాత్రం అనుమానించారు. ఎందుకంటే మొదటిదాని వెనక బడి పేరు వుంది, రెండోదాని వెనక లేదు.

ఇటువంటి చర్చ వస్తే మనవాళ్ళు వెంటనే రామానుజన్ పేరెత్తుతారు. పోయిన వారం హాస్టల్లో కూడా ఎత్తారు. ఆయన నా వాదనకు పనికిరాడు. రామానుజన్ బడికి పోయినవాడు, మెట్రిక్ పాసై కుంభకోణం కాలేజీలో ఉపకారవేతనం మీద చేరినవాడు. గణితం తప్ప తక్కినవి పట్టించుకోక ఎఫ్.ఎ. తప్పాడు. అది వేరే కథ. పైగా మహామేధావుల పేరు చెప్పి తలుపు తెరిపించుకోవడం నాకు ఇష్టం లేదు. మేధావి కానివాడి సంగతి ఏమిటి? నాబోటి సగటు విద్యార్థికి కావలసింది మినహాయింపు కాదు, ఒక మామూలు దారి.

నాకు నచ్చిన ఉదాహరణ మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. రాజమండ్రిలో 1909లో పుట్టి కాకినాడలో పెరిగిన ఆమె చిన్నప్పుడే ఇంగ్లీషు మాధ్యమం వద్దని బడి మానేసింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయి వచ్చింది. ఆ తర్వాత, ఇరవయ్యేళ్ళు దాటిన వయసులో, ఇంటి దగ్గర చదువుకొని కాశీ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కట్టి పాసైంది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారట. తనలాంటివాళ్ళను పోగుచేసి హాస్టలు పెట్టించిందట. రాజనీతి శాస్త్రంలో బి.ఎ. ఆనర్స్ అక్కడ, తర్వాత మద్రాసులో లా. రాజ్యాంగ సభలో సభ్యురాలు, ప్రణాళికా సంఘంలో సభ్యురాలు. ఆమె మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టినప్పుడు మొదట చేసిన పని ఏమిటి? తెలుగు ఆడపిల్లలను అదే కాశీ మెట్రిక్‌కు తయారుచేయడం. తాను వచ్చిన దారిని మూసేయకుండా వెడల్పు చేసింది. ఎక్కడి కాశీ, ఎక్కడి మద్రాసు! అంత దూరాన వున్న విశ్వవిద్యాలయం ఈ పిల్లలను ‘ఏ బళ్ళో చదివారు’ అని అడగలేదు. ‘పరీక్ష వ్రాయండి’ అంది.

మన రాష్ట్రానికి ఇది కొత్త కూడా కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో పెట్టింది మనమే. జి. రాంరెడ్డి గారు మొదటి వైస్‌ఛాన్సలర్. 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు. స్కూలు సర్టిఫికెట్ ఏదీ లేనివాళ్ళకు ఒక అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకోవడం అది తెచ్చిన గొప్ప మార్పు. అయితే అట్లా డిగ్రీ పొందినవాళ్ళకు ఉద్యోగ ప్రకటనల్లో ‘10+2+3 క్రమంలో చదివి వుండాలి’ అనే మాట అడ్డుపడుతూ వచ్చింది. ముందు గుమ్మంలోంచి రానిచ్చి వెనక గుమ్మం దగ్గర ఆపడం! ఓపెన్ స్కూలు పిల్లలు నీట్ వ్రాయకూడదని ఒక నిబంధన పెడితే, 2018లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ముంబైలో ఇంటి దగ్గర చదివిన ఒక అమ్మాయికి పన్నెండు పాసు లేదని మన ఐ.ఐ.టి.ల్లో ప్రవేశం లేకపోయింది. అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ పతకాలు చూసి 2016లో అమెరికాలోని ఎం.ఐ.టి. చేర్చుకుంది. పేపర్లు అప్పుడు ఆ అమ్మాయిని ఆకాశానికెత్తాయి. మన గుమ్మాల గురించి ఎవరూ వ్రాయలేదు.

ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పకపోతే నేను నిజాయితీ లేనివాణ్ణి అవుతాను. ఇంటి చదువును నేను పొగడబోవడం లేదు. మొదటి సంవత్సరం లాబ్‌లో పిపెట్ పట్టుకోవడం నాకు చేతకాలేదు. ఓపెన్ స్కూలు ప్రాక్టికల్స్ నాలుగు రోజుల్లో ముగిసినవి, వాటిలో నేర్చుకున్నది కొంతే. బ్యూరెట్ రీడింగు కంటికి సమాన ఎత్తులో చూడాలని తెలియక వారం రోజులు తప్పు విలువలు వ్రాశాను. పదిమంది మధ్య కూర్చుని మాట్లాడటం కూడా నాకు పద్దెనిమిదో ఏటనే మొదలైంది. లెక్చరరు ప్రశ్న అడిగితే జవాబు తెలిసీ చేయి ఎత్తాలని తట్టేది కాదు. తోటలో చేయి ఎత్తవలసిన అవసరం ఎవరికుంటుంది? బడి ఇచ్చేది పుస్తకం ఒక్కటే కాదు, నేను ఒప్పుకుంటాను.

అంతకంటే గట్టి ఆక్షేపణ ఇంకొకటి వుంది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ వెట్టిలోనూ, పొలాల్లోనూ వున్న పిల్లలను శిబిరాలకు తెచ్చి, చదివించి, బడి మెట్లెక్కనివాళ్ళను కూడా ఏడో తరగతి పరీక్ష వ్రాయించింది. ఆమెకు 2003లో మెగసెసె అవార్డు వచ్చింది. బడి బయట వున్న ప్రతి పిల్లవాణ్ణీ బాలకార్మికుడిగానే లెక్కించాలన్నది ఆ సంస్థ సూత్రం. ఆ లెక్కన నేనూ బాలకార్మికుణ్ణే. చీనీకాయలు కోశాను, సంచులు మోశాను, రాత్రిళ్ళు మోటారు వేశాను. ‘ఇంటి దగ్గర చదువుతున్నారు’ అనే మాట చాటున ఎంతమంది ఆడపిల్లలు పత్తిచేలల్లో వుండిపోతారో కూడా నాకు తెలుసు. తలుపు బార్లా తెరిస్తే, పిల్లలను బడి మాన్పించడానికి అది ఒక సాకు అవుతుందని మా అధ్యాపకులొకరు అన్నారు. ఆయన భయం న్యాయమైనదే. కాని ఆ భయానికి మందు పిల్లలను బడికి తేవడంలో వుంది. బడికి రాలేకపోయి, పెద్దవాడై, తన కష్టంతో చదువుకొని వచ్చినవాణ్ణి రెండోసారి శిక్షించడంలో లేదు. నాయన చేసిన పొరపాటుకు, లేక ఎండిపోయిన బోరుకు, కొడుకు దగ్గర వివరణ అడిగి ఏం లాభం?

నేను విశ్వవిద్యాలయాన్ని కోరేది పెద్దదేమీ కాదు. దరఖాస్తులో ఆ గడి పక్కన ‘ఏ పాఠశాలలోనూ చదవలేదు’ అని ఇంకొక గడి పెట్టండి. దాన్ని నొక్కినవాడికి టి.సి., స్టడీలు అడగకండి. 1974 ఉత్తర్వులోని ఆ వాక్యాన్ని కౌంటరులో గోడకు అతికించండి. బోర్డు పరీక్ష పాసైన కాగితం వుంటే అది చాలు. అదీ లేనివాడు వస్తే మీరే ఒక పరీక్ష పెట్టండి, ఎంత కష్టంగానైనా పెట్టండి. సైన్సువాళ్ళకు కాలేజీ తెరవకముందు రెండు వారాలు లాబ్ తరగతులు పెడితే పిపెట్ సంగతి కూడా తేలిపోతుంది. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు.

ఇంతవరకు అక్క సంగతి పూర్తిగా చెప్పలేదు. బీజగణితం నాకు తాత చెప్పలేదు, ఆయనకు రాదు. అక్క తనంతట తాను పాత పుస్తకం చూసి నేర్చుకొని నాకు చెప్పింది. మా ఇద్దరిలో లెక్కలు వచ్చింది తనకే. నేను పది కట్టిన ఏడు తోటకు ధర లేదు. ఇద్దరికీ ఫీజు కట్టి, పట్నంలో పరీక్షలు ముగిసేదాకా ఇద్దరినీ వుంచడానికి డబ్బు చాలలేదు. ఒక్కరికే అనుకున్నప్పుడు ఆ ఒక్కరు నేనే అయినాను. దాన్ని గురించి మా ఇంట్లో చర్చ కూడా జరగలేదు. నేనూ అడగలేదు. ఆ మరుసటి ఏడు అక్కకు పెళ్ళి చేశారు. ఇప్పుడు తనకు ఇరవైమూడేళ్ళు, ఒక పాప.

మొన్న సంక్రాంతికి పోయినప్పుడు, ఓపెన్ స్కూలుకు ఇప్పుడు కట్టవచ్చునా అని అడిగింది. బావ కూడా సరేనన్నాడు. ఫోన్లో దరఖాస్తు తెరిచి నేను నింపుతుంటే, ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ లేనివాళ్ళు వ్రాసి ఇవ్వవలసిన కాగితం దగ్గరికి వచ్చాం. నేను వ్రాస్తానన్నాను. వద్దని తానే పెన్ను తీసుకుంది. ‘నేను ఇంటి వద్ద చదువుకున్నాను. పదో తరగతి చదవగలను’ అని వ్రాసి, సంతకం చేసి, తేదీ వేసింది. ఫోటో తీయించుకొని పంపిస్తానంది. వచ్చే వారం వస్తుంది.